రోస్టెడ్ కలప గిటార్: నెక్‌కు మేలు సరే, టోన్‌కు రుజువేదీ?

ఎలక్ట్రిక్ గిటార్ కొనడానికి వెళ్లినవారికి కొన్నేళ్లుగా ఒక మాట తరచుగా వినిపిస్తోంది: "రోస్టెడ్ మేపుల్ నెక్". మామూలు మేపుల్ చెక్క పాలమీగడ రంగులో ఉంటుంది. రోస్ట్ చేసింది పాకం రంగులోనో, కాఫీ గింజ రంగులోనో మెరుస్తుంది. ఒకప్పుడు ఖరీదైన గిటార్లకే పరిమితమైన ఈ చెక్క ఇప్పుడు మధ్యస్థ ధరల గిటార్లలోకీ వచ్చేసింది. కొన్ని కంపెనీలు నెక్‌తో ఆగకుండా బాడీని కూడా రోస్ట్ చేసిన కలపతోనే చేస్తున్నాయి. మామూలు గిటార్ కంటే దీని ధర కాస్త ఎక్కువే ఉంటుంది.

ఆ అదనపు ధరకు అమ్మకందారులు మూడు కారణాలు చెబుతారు. వాతావరణం మారినా నెక్ వంగదు అన్నది మొదటిది. స్వరం మరింత స్పష్టంగా, ఎక్కువసేపు మోగుతుంది అన్నది రెండోది. యాభై ఏళ్ల పాత గిటార్‌కు ఉండే గుణం కొత్త గిటార్‌కే వచ్చేస్తుంది అన్నది మూడోది. ఈ మూడింటినీ ఒకే గంపలో వేసి అమ్ముతున్నారు. అసలు చిక్కు అక్కడే ఉంది. మొదటి మాటకు కలప శాస్త్రంలో గట్టి ఆధారం ఉంది. రెండో మాట ఎలక్ట్రిక్ గిటార్ విషయంలో రుజువు కాలేదు. మూడోది సగం రసాయన శాస్త్రం, సగం అమ్మకపు మాట. నిజమైన లాభాన్ని రుజువులేని లాభంతో కలిపి అమ్మితే కొనేవారికి నష్టం. మంచి సాంకేతికతకు అది ఇంకా పెద్ద నష్టం.

ఓవెన్‌లో చెక్కకు ఏమవుతుంది?

పేరు రోస్టింగ్ అయినా ఇది బాణలిలో పల్లీలు వేయించడం లాంటిది కాదు. శాస్త్రవేత్తలు దీన్ని కలప ఉష్ణ సవరణ అంటారు. ఫిన్లాండ్ పరిశోధకులు 1990లలో దీన్ని పారిశ్రామిక పద్ధతిగా తీర్చిదిద్దారు. వారి అసలు ఉద్దేశం గిటార్లు కాదు. ఇంటి బయటి గోడలకు, వరండా నేలకు, ఆవిరి స్నానపు గదులకు వాడే చెక్క వానకు, చలికి ఉబ్బి కుళ్లిపోకుండా చూడడమే. గుంజను నేలలో పాతేముందు దాని అడుగు భాగాన్ని కాల్చడం చాలా దేశాల్లో పాత అలవాటే. అక్కడ పైపొర మాత్రమే మాడుతుంది. ఉష్ణ సవరణలో మార్పు చెక్క లోపలిదాకా వెళుతుంది.

పద్ధతి ఇలా ఉంటుంది. ముందుగా చెక్కను పూర్తిగా ఆరబెడతారు. ఆ తర్వాత మూసిన గదిలో ఉష్ణోగ్రతను 160 నుంచి 230 డిగ్రీల సెల్సియస్ మధ్యకు పెంచి కొన్ని గంటలు ఉంచుతారు. ఆక్సిజన్ తగిలితే చెక్క అంటుకుంటుంది కాబట్టి గదిని నీటి ఆవిరితోనో, నైట్రోజన్‌తోనో నింపుతారు, లేదా గాలిని తోడేస్తారు. చివర్లో మెల్లగా చల్లార్చి కొద్దిగా తేమ పట్టనిస్తారు.

కలపలో ప్రధానంగా మూడు పదార్థాలు ఉంటాయి. పొడవాటి దారాల్లాంటి సెల్యులోజ్, ఆ దారాల మధ్య అల్లుకున్న హెమిసెల్యులోజ్, వాటన్నిటినీ పట్టి ఉంచే లిగ్నిన్. ఈ మూడింటిలో వేడికి ముందుగా లొంగేది హెమిసెల్యులోజే. అది విడిపోతూ ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. రోస్ట్ చేసిన చెక్కను కోసినప్పుడు వచ్చే పుల్లటి, మాడిన పంచదార లాంటి వాసనకు కారణం ఇలాంటి పదార్థాలే. చెక్క లోపలిదాకా గోధుమ రంగులోకి మారడానికీ ఈ రసాయన చర్యలే కారణం. పైన పూసిన రంగు కాదు కాబట్టి గీరినా పోదు.

గిటార్‌కు పనికొచ్చే మార్పు వేరే ఉంది. గాలిలోని నీటి అణువులను పట్టుకునేవి చెక్కలోని హైడ్రాక్సిల్ సమూహాలు. అవి హెమిసెల్యులోజ్‌లో ఎక్కువగా ఉంటాయి. హెమిసెల్యులోజ్ తగ్గితే నీరు పట్టుకునే చోట్లు తగ్గుతాయి. తగినంత వేడి తగిలిన కలప, అదే గాలిలో ఉన్న మామూలు కలప పీల్చే తేమలో దాదాపు సగమే పీల్చుకుంటుంది. రోస్టింగ్ కథలో అన్నిటికంటే గట్టిగా నిలబడే అంశం ఇదే.

నెక్ ఎందుకు వంగుతుంది?

వానాకాలంలో చెక్క తలుపు బిగుసుకుపోవడం, ఎండాకాలంలో అదే తలుపు వదులవడం తెలుగు ఇళ్లలో అందరికీ తెలిసిందే. గిటార్ నెక్‌లో జరిగేదీ అదే. అయితే తలుపు రెండు మిల్లీమీటర్లు ఉబ్బితే ఒక తోపు తోసి మూయవచ్చు. గిటార్ నెక్ లెక్క మిల్లీమీటరులో పదో వంతుల్లో ఉంటుంది. తీగ కంపించడానికి చోటుండాలని నెక్‌ను మధ్యలో అతి కొద్దిగా లోతుగా ఉంచుతారు. ఆ లోతు సాధారణంగా మిల్లీమీటరులో నాలుగో వంతు. అది కాస్త తగ్గినా తీగలు ఫ్రెట్లకు తగిలి గరగరమంటాయి. పెరిగితే వేలితో నొక్కడం కష్టమవుతుంది.

పైగా నెక్ మీద ఆరు తీగలు కలిసి సుమారు 45 కిలోల బరువంత బలంతో లాగుతుంటాయి. అంటే దాదాపు ఒక సిమెంటు బస్తా బరువు రాత్రీ పగలూ ఆ సన్నటి చెక్కను ముందుకు వంచాలని చూస్తున్నట్టే. దాన్ని ఎదుర్కోవడానికి లోపల ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ ఉంటుంది. తేమ పెరిగితే చెక్క గట్టిదనం కొంత తగ్గుతుంది. తేమ తగ్గితే కుంచించుకుపోతుంది. నెక్ ఒక కలపతో, దాని మీది ఫ్రెట్‌బోర్డ్ మరో కలపతో చేసి అతికిస్తే రెండూ వేర్వేరుగా సాగి, ముడుచుకుంటాయి. రెండు లోహాల పట్టీ వేడికి వంగినట్టు నెక్ తేమకు వంగుతుంది.

హైదరాబాద్ లాంటి ఊళ్లో ఏప్రిల్ మధ్యాహ్నం గాలిలో తేమ 30 శాతం చుట్టుపక్కలకు పడిపోతుంది. ఆగస్టులో 80 శాతానికి చేరుతుంది. 30 శాతం తేమ ఉన్న గాలిలో ఎక్కువ కాలం ఉన్న మామూలు చెక్క తన బరువులో సుమారు 6 శాతం నీటిని నిలుపుకుంటుంది. 80 శాతం గాలిలో అది సుమారు 16 శాతానికి వెళుతుంది. గిటార్ ఇంట్లో ఉంటుంది, పైన పాలిష్ ఉంటుంది, చెక్క నెమ్మదిగా స్పందిస్తుంది కాబట్టి అసలు మార్పు ఇంత ఉండదు. అందులో సగానికన్నా తక్కువే, అంటే 4 శాతమే మారిందనుకుందాం.

గట్టి మేపుల్ పచ్చిగా ఉన్నప్పటి నుంచి పూర్తిగా ఎండేసరికి, చెట్టు వలయాల వెంబడి ఉన్న దిశలో 9.9 శాతం ముడుచుకుంటుంది. అంటే తేమ ఒక్క శాతం మారినప్పుడల్లా దాదాపు 0.33 శాతం. బాడీకి దగ్గరగా 56 మిల్లీమీటర్ల వెడల్పున్న నెక్, 4 శాతం తేమ పోతే, సుమారు 0.7 మిల్లీమీటర్లు సన్నబడుతుంది. మధ్యలో గుచ్చిన లోహపు ఫ్రెట్లు మాత్రం ముడుచుకోవు. రెండు వైపులా మిల్లీమీటరులో మూడో వంతు బయటికి పొడుచుకొస్తాయి. ఎండాకాలంలో నెక్ పక్కన చెయ్యి జార్చితే రంపపు పళ్లలా గుచ్చుకునేవి అవే. అదే నెక్ రోస్ట్ చేసిన చెక్కదైతే పీల్చే తేమ సగం, వదిలే తేమ సగం. ముడుచుకోవడమూ దాదాపు సగానికి తగ్గుతుంది. దాన్ని వేలు పట్టించుకోకపోవచ్చు.

కాబట్టి నెక్ విషయంలో రోస్టింగ్ ఉపయోగం నిజమైనదే. కోస్తాలో వాయించి, ఏసీ గదిలో రికార్డు చేసి, మరుసటి వారం పొడి ఊళ్లో కచేరీ చేసే వాద్యకారుడికి అది ప్రతిరోజూ తెలిసే లాభం. వంగడం తగ్గుతుంది కానీ పూర్తిగా ఆగదు. "అసలు కదలదు" అని చెప్పే ప్రకటన ఇక్కడే గీత దాటుతోంది.

ఇంకో విషయం కొనేవారికి ఎవరూ చెప్పరు. మేపుల్ వలయాలకు అడ్డంగా, అంటే చెట్టు గుండె నుంచి బెరడు వైపు వెళ్లే దిశలో, 4.8 శాతమే ముడుచుకుంటుంది. దుంగను వలయాలు నిలువుగా వచ్చేలా కోస్తే నెక్ వెడల్పు ఆ దిశలోకి వస్తుంది. అలా కోసిన మామూలు మేపుల్ నెక్, వెడల్పులో మార్పు విషయంలో, అడ్డంగా కోసి రోస్ట్ చేసిన నెక్‌కు ఇంచుమించు సమానం. ఈ కోత వడ్రంగులకు ఎప్పటినుంచో తెలిసినదే. కలప ఎక్కువ వృథా అవుతుంది కాబట్టి ఖర్చెక్కువ. రోస్టింగ్ వల్ల తక్కువ రకం కోతకు కూడా స్థిరత్వం వస్తుంది. పరిశ్రమ దాన్ని ఇష్టపడడానికి ఇది ఒక కారణం. ఇందులో తప్పేమీ లేదు. ఆ మాట దాచి స్వరం గురించి చెప్పడమే తప్పు.

బాడీ దగ్గరికి వచ్చేసరికి

బొబ్బిలి వీణలో పనస చెక్కే పాడుతుంది. తీగ కంపనం బ్రిడ్జ్ ద్వారా కుండ పైపలకకు చేరి, ఆ పలక గాలిని కదిలిస్తేనే వినేవారికి శబ్దం అందుతుంది. పలక ఎంత తేలికగా, ఎంత బిగువుగా ఉంది, కంపనాన్ని ఎంతగా మింగేస్తుంది అన్నవి నేరుగా స్వరాన్ని తీర్చిదిద్దుతాయి. అకూస్టిక్ గిటార్‌లోనూ అంతే. అక్కడ స్ప్రూస్ పైపలకను వేడి చేస్తే బరువు కొంచెం తగ్గుతుంది, బిగువు ఇంచుమించు అలాగే నిలుస్తుంది. స్వరంలో తేడా రావచ్చు అనడానికి భౌతిక శాస్త్రంలో దారి ఉంది. యమహా, మార్టిన్ లాంటి కంపెనీలు పైపలకలకు తమ సొంత ఉష్ణ పద్ధతులు వాడడం అర్థం చేసుకోదగ్గదే.

ఎలక్ట్రిక్ గిటార్ పని వేరు. దాని పికప్ ఒక అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి రాగి తీగ చుట్ట. పైన ఉక్కు తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం మారి చుట్టలో విద్యుత్ సంకేతం పుడుతుంది. పికప్ గాలిలోని శబ్దాన్ని వినదు. చెక్కను అసలే వినదు. చెక్క ప్రభావం పరోక్షంగానే రావాలి. తీగ శక్తిలో కొంత భాగాన్ని చెక్క పీల్చుకుంటే తీగ కదలిక మారుతుంది, ఆ మార్పును పికప్ పట్టుకుంటుంది. అంటే ప్రశ్న ఇది: చెక్క ఆ శక్తిని ఎంత పీల్చుకుంటుంది?

ఈ ప్రశ్నపై 1990లలో జర్మనీలో హెల్ముట్ ఫ్లైషర్, టిల్మన్ స్వికర్ కొలతలు చేశారు. బ్రిడ్జ్ దగ్గర బాడీ చాలా తక్కువగా కదులుతుందని, నెక్ మాత్రం గమనించదగినంత కదులుతుందని వాటిలో తేలింది. కొన్ని ఫ్రెట్ల దగ్గర నెక్ సొంత కంపనం తీగ కంపనంతో కలిసిపోతే ఆ స్వరం చప్పున చచ్చిపోతుంది. వాద్యకారులు దాన్ని డెడ్ స్పాట్ అంటారు. కాబట్టి చెక్కకు ప్రభావమే లేదనడం సరికాదు. ఆ ప్రభావం బాడీలో కన్నా నెక్‌లో ఎక్కువ.

చరిత్ర కూడా ఇదే చెబుతోంది. 1930ల మొదట్లో వచ్చిన రికెన్‌బ్యాకర్ ఎలక్ట్రిక్ స్టీల్ గిటార్‌ను అల్యూమినియంతో పోతపోశారు. 1969లో డాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ రూపొందించిన ఆంపెగ్ గిటార్ బాడీ పారదర్శక ప్లాస్టిక్. 1970లలో ట్రావిస్ బీన్ అల్యూమినియం నెక్‌లు చేశారు. తర్వాత స్టైన్‌బర్గర్ కార్బన్ ఫైబర్ వాడారు. డాన్‌ఎలెక్ట్రో నొక్కిన చెక్కపొట్టు పలకలు వాడింది. ఇవన్నీ పేరున్న వాద్యకారుల చేతుల్లో మోగినవే. చెక్కే లేని గిటార్ ఇంత బాగా పలుకుతుంటే, చెక్కలో కొంత హెమిసెల్యులోజ్ తగ్గినంత మాత్రాన స్వరం ఒక మెట్టు ఎక్కుతుందని నమ్మడానికి గట్టి రుజువు కావాలి.

రుజువు ఎందుకు దొరకడం లేదు?

రోస్టింగ్ వల్ల మేపుల్ బిగువు కొద్ది శాతమే మారుతుంది. అదే మేపుల్‌లో ఒక చెట్టుకూ మరో చెట్టుకూ, ఒక పలకకూ మరో పలకకూ మధ్య సహజంగా ఉండే తేడా అంతకన్నా చాలా ఎక్కువ. అమెరికా అటవీ ఉత్పత్తుల ప్రయోగశాల తన కలప కరదీపికలో ఒకే జాతి కలపలో బిగువు సగటుకు అటూ ఇటూ సుమారు 22 శాతం మేర చెదిరి ఉంటుందని ఇచ్చింది. కాబట్టి దుకాణంలో ఒక మామూలు గిటార్, ఒక రోస్టెడ్ గిటార్ పక్కపక్కన పెట్టి వాయించి "తేడా వినిపిస్తోంది" అంటే, ఆ తేడా రోస్టింగ్‌దా, పలకదా, పికప్ ఎత్తుదా, తీగల వయసుదా అన్నది ఎవరూ చెప్పలేరు. పికప్‌ను ఒక మిల్లీమీటరు పైకి లేపితేనే స్వరం తెలిసేలా మారుతుంది.

కంటికి కనిపించే రంగు కూడా చెవిని మోసం చేస్తుంది. వాద్యాలపై జరిగిన మంచి పరీక్షలు ఈ విషయంలో కళ్లు తెరిపించాయి. 2018లో బ్రిటన్ పరిశోధకులు వెనుక, పక్క పలకల కలప తప్ప మిగతావన్నీ ఒకేలా ఉన్న ఆరు అకూస్టిక్ గిటార్లు చేయించి, 52 మంది గిటార్ వాద్యకారుల చేత కలప కనబడకుండా వాయింపజేశారు. వాటిలో ఖరీదైన బ్రెజిల్ రోజ్‌వుడ్, భారత రోజ్‌వుడ్‌తో పాటు చవక కలపలూ ఉన్నాయి. స్వరం నాణ్యతకు వారు ఇచ్చిన మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. చెక్క నేరుగా పాడే వాద్యంలోనే ఇలా ఉంటే, పికప్ ద్వారా పలికే వాద్యంలో జాగ్రత్తగా మాట్లాడాలి.

ఎదుటి పక్షానికీ ఆధారం లేకపోలేదు. 2021లో పోలండ్ పరిశోధకులు ఎలక్ట్రిక్ గిటార్ బాడీ కలప జాతిని మార్చి కొలిచినప్పుడు సంకేతంలో తేడా కనిపించిందని, అది చెవికి అందేంత ఉందని ప్రచురించారు. దాన్ని కొట్టిపారేయకూడదు. అయితే వారు పోల్చింది వేర్వేరు జాతుల కలపను. ఒకే పలకను రెండుగా కోసి, ఒక సగాన్ని రోస్ట్ చేసి, రెండింటికీ అవే తీగలు, అదే పికప్ బిగించి చూడడం వేరే పని. పైగా వినిపించే తేడా అంటే మెరుగుదల అని అర్థం కాదు. తేడా ఉందా అన్నది కొలత చెబుతుంది. అది మేలా అన్నది కలప కనబడకుండా వాయించిన వాద్యకారులు చెప్పాలి. "మెరుగైన టోన్" అని ముద్రించే ముందు కంపెనీలు ఈ రెండు మెట్లూ ఎక్కి చూపాలి. ఆ భారం కొనేవారిది కాదు.

పాత గిటార్ గుణం ఓవెన్‌లో వస్తుందా?

కలప వయసు మీద పడే కొద్దీ దానిలో హెమిసెల్యులోజ్ మెల్లగా తగ్గుతుందన్నది నిజమే. రోస్టింగ్‌లోనూ ముందు తగ్గేది అదే. ఈ పోలిక మీదే "వింటేజ్" ప్రచారం నిలబడింది. కానీ రెండు దారులూ ఒకటి కాదు. సహజ వృద్ధాప్యం గది ఉష్ణోగ్రతలో, ఆక్సిజన్ మధ్య, దశాబ్దాలపాటు సాగుతుంది. రోస్టింగ్ 160 డిగ్రీల పైన, ఆక్సిజన్ లేకుండా, గంటల్లో ముగుస్తుంది. పులిసిన పెరుగు, నిమ్మరసం పిండి విరిచిన పాలు రెండూ పుల్లగానే ఉంటాయి, అయినా రెండూ ఒకటి కావు.

1950ల నాటి ఎలక్ట్రిక్ గిటార్‌కు ఉన్న పేరుకు చెక్క వయసు ఒక్కటే కారణం కాదు. దాని పికప్‌లను ఆనాటి పద్ధతిలో చుట్టారు. అరిగిన ఫ్రెట్లు, చేతి రాపిడికి నున్నబడిన నెక్ కూడా అందులో కలిసి ఉన్నాయి. బాగోలేని పాత గిటార్లు ఎప్పుడో అటకెక్కాయి, బాగున్నవే ఇప్పటిదాకా చేతులు మారుతూ వచ్చాయి. ఇవేవీ ఓవెన్‌లో తయారు కావు.

లాభం పక్కనే నష్టం

వేడి ఊరికే మేలు చేయదు. రోస్ట్ చేసిన కలప బిగువు పెద్దగా తగ్గకపోయినా, విరిగే ముందు తట్టుకునే బలం తగ్గుతుంది. ఉష్ణోగ్రత, సమయం పెరిగే కొద్దీ ఈ తగ్గుదల 10 నుంచి 30 శాతం దాకా పోవచ్చు. అంటే చెక్క పెళుసు అవుతుంది. మామూలు చెక్క వంగి నిలిచేచోట ఇది చిట్లవచ్చు. స్క్రూ బిగించే ముందు సరైన కొలతతో రంధ్రం చేయకపోతే పగులుతుంది. యంత్రంతో చెక్కేటప్పుడు అంచులు లేచిపోతాయి. నీరు త్వరగా పీల్చదు కాబట్టి నీటితో చేసిన జిగురు ఆరడానికి ఎక్కువ సమయం కావాలి.

నెక్ చివర ట్యూనర్లు బిగించే తల భాగం గిటార్‌లో బలహీనమైన చోటు. స్టాండ్ మీద నుంచి పడితే ముందుగా దెబ్బతినేది అదే. పెళుసుదనం ఉన్న చెక్కకు అక్కడ జాగ్రత్త మరింత అవసరం. బాడీకి బోల్టులతో బిగించే మేపుల్ నెక్‌లలో తల భాగం సాధారణంగా వెనక్కి ఎక్కువ వాలు లేకుండా ఉంటుంది కాబట్టి ఇబ్బంది తక్కువ. మితంగా వేడి చేసిన మేపుల్ నెక్ ఈ లెక్కలో లాభసాటిదే. బాడీ సంగతి అలా కాదు. నాలుగైదు సెంటీమీటర్ల మందం ఉన్న దిమ్మ కొద్దిగా ఉబ్బినా, ముడుచుకున్నా వాయించేవారికి తెలియదు. అక్కడ స్థిరత్వం అవసరమే తక్కువ. టోన్ లాభం రుజువు కాలేదు. మిగిలేది రంగు, కాస్త తగ్గిన బరువు. రంగు నచ్చి కొనుక్కునేవారిని ఎవరూ తప్పుపట్టరు. అది రంగుకు పెట్టిన డబ్బు అని తెలిసి పెట్టాలి.

భారతదేశపు రోజ్‌వుడ్‌తో ఉన్న ముడి

ఈ చర్చలో మన దేశానికి నేరుగా సంబంధం ఉన్న భాగం ఒకటుంది. ప్రపంచంలోని గిటార్ ఫ్రెట్‌బోర్డులకు ఎక్కువగా వాడిన కలపల్లో భారత రోజ్‌వుడ్ ఒకటి. తెలుగువారు జిట్రేగి, ఇరుగుడు అని పిలిచే చెట్టు ఇదే. అది నెమ్మదిగా ఎదుగుతుంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దాన్ని ముప్పు అంచున ఉన్న జాతుల్లో చేర్చింది.

2011 ఆగస్టులో అమెరికా అధికారులు గిబ్సన్ కంపెనీ కర్మాగారాల్లో సోదాలు జరిపి, భారత్ నుంచి వెళ్లిన రోజ్‌వుడ్, ఎబొనీ ఫ్రెట్‌బోర్డ్ పలకలను స్వాధీనం చేసుకున్నారు. ఫ్రెట్‌బోర్డ్ కోసం కోసిన పలక భారత ఎగుమతి నిబంధనల కింద తయారైన సరుకా, ముడి కలపా అన్నది ఆనాటి వివాదం. అంతకుముందు 2009లో మడగాస్కర్ ఎబొనీ మీద మొదలైన విచారణ కూడా దీనితో కలిసింది. 2012లో 3 లక్షల డాలర్ల జరిమానాతో కంపెనీ రాజీ కుదుర్చుకుంది. భారత నిబంధనల విషయంలో స్పష్టత లేదని అంగీకరించి ఆ కలపను తిరిగి ఇచ్చారు. ఆ రోజుల్లోనే గిబ్సన్ కొన్ని గిటార్లకు రోజ్‌వుడ్ బదులు కాల్చిన మేపుల్ ఫ్రెట్‌బోర్డ్ వేసింది. రంగు రోజ్‌వుడ్‌కు దగ్గరగా ఉంటుంది, చట్టపు చిక్కు లేదు.

తర్వాత 2017 జనవరిలో రోజ్‌వుడ్ ప్రజాతి మొత్తాన్ని అంతరించే జాతుల వాణిజ్య ఒప్పందం రెండో అనుబంధంలోకి తెచ్చారు. గిటార్ సరిహద్దు దాటాలంటే పత్రాలు అవసరమయ్యాయి. ఫెండర్ తన మెక్సికో గిటార్లకు పౌ ఫెర్రో అనే వేరే కలపకు మారింది. 2019లో తయారైన వాద్యాలకు మినహాయింపు వచ్చింది. ముడి కలప వాణిజ్యంపై నియంత్రణ మాత్రం కొనసాగుతోంది.

రోస్టింగ్‌కు అసలు విలువ ఇక్కడ కనిపిస్తుంది. త్వరగా పెరిగే, నియంత్రణలో లేని, తోటల్లో పెంచే కలపకు స్థిరత్వాన్నీ, ముదురు రంగునూ ఇవ్వగల పద్ధతి ఇది. బెంగళూరులోని కలప శాస్త్ర సాంకేతిక సంస్థ పరిశోధకులు రబ్బరు చెక్క, సిల్వర్ ఓక్ లాంటి తోట కలపలపై ఉష్ణ సవరణ ప్రయోగాలు చేశారు. కోల్‌కతాలో గిటార్ల తయారీ ఏళ్ల తరబడి సాగుతోంది. ఈ రెండింటినీ కలిపి, ఏ దేశీయ తోట కలప ఎంత వేడికి నెక్‌కు సరిపోతుంది, ఏది ఫ్రెట్‌బోర్డ్‌కు కావలసినంత గట్టిగా ఉంటుంది అని పరీక్షించడం ఉపయోగపడే పని. రోస్టింగ్ మెత్తటి చెక్కను గట్టిపరచదు కాబట్టి ప్రతి కలపా పనికిరాదు. ఎంపిక పరీక్షలతోనే తేలాలి. వాన, ఎండ రెండూ తీవ్రంగా ఉండే దేశంలో అలాంటి నెక్‌కు గిరాకీ ఉంటుంది. అడవిలోని జిట్రేగి మీద ఒత్తిడి కొంతైనా తగ్గుతుంది.

పెట్టె మీద ఏం రాయాలి?

"రోస్టెడ్" అన్న మాటకు గిటార్ల దుకాణంలో కచ్చితమైన అర్థం లేదు. ఒకరు 160 డిగ్రీల దగ్గర ఆపవచ్చు, మరొకరు 210 దాకా వెళ్లవచ్చు. మొదటిదానికి తేమ పీల్చే గుణం కొద్దిగానే తగ్గుతుంది. రెండోదానికి బాగా తగ్గుతుంది, పెళుసుదనమూ పెరుగుతుంది. రెంటి మీదా ఒకే ముద్ర. ఫిన్లాండ్‌లో భవన కలపకు ఈ గందరగోళం లేదు. అక్కడ ఉష్ణ సవరణ కలపను స్థిరత్వానికి ఒక తరగతిగా, కుళ్లు నిరోధానికి మరో తరగతిగా విడదీసి, ఒక్కోదానికి ఉష్ణోగ్రత నిర్ణయించారు. వరండా పలకకు ఉన్న స్పష్టత వేల రూపాయల గిటార్‌కు లేకపోవడం విడ్డూరం.

గిటార్ తయారీదారులు మూడు అంకెలు ఇస్తే చాలు. ఎంత ఉష్ణోగ్రతలో, ఎంతసేపు వేడి చేశారు? ఆ వేడికి చెక్క బరువు ఎంత శాతం తగ్గింది? 65 శాతం తేమ ఉన్న గాలిలో ఆ చెక్క ఎంత నీటిని నిలుపుకుంటుంది? మామూలు కలప అక్కడ 12 శాతం దగ్గర ఉంటుంది. రోస్టెడ్ నెక్ 6 లేదా 7 శాతం దగ్గర ఉంటే పని జరిగినట్టు. 11 దగ్గర ఉంటే రంగు మారినట్టే. ఈ కొలతలకు పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. ఓవెన్, త్రాసు, తేమను స్థిరంగా ఉంచే పెట్టె చాలు.

ఆ అంకెలు వచ్చేదాకా కొనేవారికి పనికొచ్చే లెక్క సులువే. ఊళ్లు తిరుగుతూ వాయించేవారికి, సముద్ర తీరంలో ఉండేవారికి, ఏడాదికి నాలుగుసార్లు ట్రస్ రాడ్ తిప్పించుకుని విసిగినవారికి రోస్టెడ్ నెక్ మీద పెట్టే అదనపు డబ్బుకు ఫలితం ఉంటుంది. ఒకే ఊళ్లో, ఒకే గదిలో గిటార్‌ను మూత పెట్టెలో దాచి వాయించేవారికి తేమ తగ్గించే ఒక సంచి, ఏడాదికి రెండుసార్లు నెక్ సరిచేయించుకోవడం అదే పని చేస్తాయి. రోస్టెడ్ బాడీ కోసం స్వరం పేరు చెప్పి ఎక్కువ అడిగితే, ఆ డబ్బుతో మంచి పికప్ కొనడం మేలు. దాని తేడా ఎవరి చెవికైనా తెలుస్తుంది.